సెయింట్ లూసియాలో పిలిచిన పేరు

నన్నడిగితే సెలవులంటే ఇంట్లో కాళ్ళు చాపుకుని పడుకోవడం. సరస్సులూ అడవులూ చూసి తరించిపోయే మనిషిని కాను. కానీ డర్బన్ పక్కన ఇసిపింగోలో మా పక్కింటి అమ్మమ్మ ఒక రోజు గోడ అవతల నుంచి, "టీచరమ్మా, నీకు కారుంది గదా. నన్ను సెయింట్ లూసియా లేక్‌కి తీసుకెల్తావా?" అని అడిగింది. అంతకు ముందు ఆవిడ నన్ను ఏదీ అడిగి ఎరగదు. కరివేపాకు దగ్గర నుంచి చేమదుంపల దాకా తనే తెచ్చి గోడ మీద పెట్టి వెళ్ళేది. కాదనడానికి నోరు రాలేదు.

నేను కాకినాడ నుంచి డర్బన్‌కి వచ్చి అప్పటికి ఏడాది దాటింది. ఆ దేశంలో తెల్లా నల్లా అందరూ ఒకే వరసలో నిలబడి ఓటేసిన మొదటి ఎన్నికలు జరిగి రెండేళ్ళు. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పేదాన్ని. మా ఆయన ప్రాస్పెక్టన్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. షిఫ్టు ఉందన్న వంకతో ఆయన తప్పించుకున్నాడు. అమ్మమ్మ వాళ్ళ తాత ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చాడట. ఆవిడ మాట వింటే నా చిన్నప్పుడు మా వీధిలో చేపలమ్మిన ముసలివాళ్ళు గుర్తొచ్చేవారు. ఆవిడ కూతురు మొబేనిలో ఒక గోదాములో పని చేసేది. ఆమెని నేను అక్కా అని పిలిచేదాన్ని. అక్కకి తెలుగులో వచ్చినవల్లా వరసలూ, తిండి పేర్లూ, తిట్లూ. మిగతాదంతా ఇంగ్లీషే.

ముగ్గురం ఒక శనివారం పొద్దున్నే బయల్దేరాం. దారి పొడుగునా చెరుకే. టుగేలా నది దాటాక కూడా అమ్మమ్మ వెనక సీట్లో కూర్చుని తోటలు చూపిస్తూ ఏదో ఒకటి చెబుతూనే ఉంది. ఏ తోటలో ఎవరు పని చేశారో, ఏ మిల్లులో బెల్లం ఎలా ఉండేదో, ఏ దొర ఎంత పిసినారో. ఉమ్‌ఫొలోజి నది వంతెన ఎక్కేసరికి మాట ఆగిపోయింది. అద్దంలో చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ లోంచి చూస్తోంది. కారు ప్రయాణం పడలేదేమో అనుకున్నాను.

మ్టుబటుబ దగ్గర రోడ్డు పక్కన అనాసపళ్ళు అమ్ముతున్నారు. అక్క కాగితం పొట్లంలో కారం, ఉప్పు కలిపి తెచ్చింది. అనాస ముక్క మీద కారం చల్లుకు తినడం నేను డర్బన్ వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను. పెదాలు మండుతున్నా చెయ్యి ఆగదు. అమ్మమ్మ మాత్రం ఒక్క ముక్క కూడా ముట్టుకోలేదు.

మేం గదులు తీసుకున్న క్యాంపు సరస్సుకి పడమటి ఒడ్డున ఉంది. రిసెప్షన్లో అమ్మాయి మా పేర్లు ఒక్కొక్కటీ చదివి తలెత్తి చూసింది. అమ్మమ్మ పేరు చదివినప్పుడు ఆవిడ పలకలేదు, అటు తిరగలేదు కూడా. అక్కే చెయ్యెత్తింది. అంత నిండైన అమ్మవారి పేరు ఆవిడకి ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఇంట్లో ఎవరి నోటా వినలేదు.

"ఏం అమ్మమ్మా, అంత చక్కటి పేరు దాచుకున్నావే?" అని ఆటపట్టించాను.

"అది పిలవడానికి కాదు," అంది. నవ్వలేదు.

ఎదురుగా సరస్సు. దూరంగా తూర్పున ఎత్తయిన ఇసుక దిబ్బలు, వాటి వెనక సముద్రం. సముద్రం కనిపించదు గాని హోరు మాత్రం గాలి తిరిగినప్పుడల్లా వచ్చి పోతుంటుంది. నీళ్ళలో రెల్లు మొలిచిన చిన్న చిన్న ద్వీపాలున్నాయి. ఆ ఏడు వానలు తక్కువై నీళ్ళు తగ్గాయి. ఒకసారి ద్వీపం అనుకున్నది ఇంకోసారి చూస్తే ఒడ్డులా కనిపించేది, ఒడ్డనుకున్నది ద్వీపంలా విడిపోయేది. ఎండ మసకలో అవి నీటి మీద తేలుతున్నట్టుండేవి. అది కాంతి వంగడం వల్ల అని నేను పిల్లలకి పాఠం చెప్పేదాన్నే. అయినా వాటికేసి ఎక్కువసేపు చూడబుద్ధి కాలేదు. ఎక్కడో నీటి ఏనుగులు గురక పెట్టినట్టు, లావుపాటి మనిషెవరో కడుపులోంచి నవ్వినట్టు చప్పుడు చేస్తున్నాయి.

ఇంటి నుంచి తెచ్చిన చింతపండు చేపల పులుసు, ఉడికించిన చేమదుంపలు, అన్నం తిన్నాం. చేమదుంపల్ని అక్కడ మడుంబీలంటారు, కానీ అమ్మమ్మ చేమదుంపనే అనేది. తిన్నాక ఆవిడ ఒక సాసర్లో కొంచెం అన్నం వేరుగా పెట్టి, పాలు పోసి, బెల్లం నలిపి కలిపింది. పసిపిల్లలకి పెట్టే తిండి.

"ఇదెవరికి, గ్రానీ?" అని నవ్వింది అక్క. అందరిలాగా తనూ అప్పుడప్పుడు తల్లిని గ్రానీ అనేది.

"నాకే. పల్లు లేవు గదా," అంది అమ్మమ్మ.

పులుసు తిన్న మత్తులో అక్కా నేనూ నిద్రపోయాం. లేచేసరికి ఎండ పచ్చబడింది. అమ్మమ్మ మంచం ఖాళీగా ఉంది. సాసరూ లేదు.

క్యాంపు చుట్టూ చూశాం. బాత్‌రూముల దగ్గర, వంటింటి దగ్గర, పడవ రేవు దగ్గర. ఎక్కడా లేదు. కాపలాదారు దగ్గరికి పరుగెత్తాం. ఆయన నడివయసు జులూ మనిషి, భుజాన తుపాకీ. మా మాట సగం వినగానే లేచాడు. అడవిలో నడకదారి ఒకటుందనీ, అది మేడి చెట్ల మధ్య నుంచి తిరిగి సరస్సు ఒడ్డుకి వెళుతుందనీ, పొద్దు వాలితే నీటి ఏనుగులు మేతకి అదే దారిన పైకొస్తాయనీ చెప్పాడు. వాటికి అడ్డంగా మనిషి నిలబడితే ఏమవుతుందో చెప్పలేదు. అక్క ముఖం చూసి ఆపేశాడు.

ఆ దారి పగలు బాగానే ఉంటుందేమో. అప్పుడు మాత్రం లోపలికి అడుగు పెట్టగానే వెలుగు సగానికి పడిపోయింది. మేడి చెట్ల మొదళ్ళు గోడల్లా ఉన్నాయి. పైన ఒక పక్షి చంటిపిల్ల ఏడ్చినట్టే ఏడుస్తోంది. అది హార్న్‌బిల్ అని కాపలాదారు చెప్పాడు. చెప్పాక కూడా అది చంటిపిల్ల ఏడుపే. "అమ్మా!" అని అక్క గొంతు చించుకుంటోంది. "గోగో!" అని కాపలాదారు పిలుస్తున్నాడు. జులూలో గోగో అంటే అమ్మమ్మ. బదులు లేదు.

"పేరు పెట్టి పిలవండి," అన్నాడాయన. "అమ్మా అంటే ఎవరినని అనుకుంటుంది? పేరైతే చెవిన పడుతుంది."

అక్క తటపటాయించింది. "ఆ పేరుకి అమ్మ పలకదు. ఎప్పుడూ పలకదు."

నాకు ఒళ్ళు మండింది. పొద్దు పోతుంటే ఈ పట్టింపులేమిటి? పేరున్నది పిలవడానికే కదా. నలభై మంది పిల్లల గోల మీద వినపడే గొంతు నాది. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అమ్మమ్మ పేరు పూర్తిగా, ఒక్కొక్క అక్షరం విడమరిచి పిలిచాను.

"వత్తన్నా," అని వినిపించింది.

సరస్సు వైపు నుంచి, రెల్లు లోంచి. స్పష్టంగా వినిపించింది. అక్క "అమ్మా" అంటూ దారి వదిలి అటు పరుగెత్తింది. వెనకే నేను. ఇంకోసారి పిలిచాను. "వత్తన్నా" అని ఇంకాస్త దగ్గరగా వచ్చింది. రెల్లు భుజాల ఎత్తుంది. కాళ్ళ కింద నేల మెత్తబడింది. చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది, వంగి తీసుకోవాలని కూడా తోచలేదు. కాపలాదారు వెనక నుంచి నా జాకెట్టు భుజం పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. అక్కని కూడా అలాగే లాగాడు. రెల్లు పక్కకి తీసి చూపించాడు. ఇంకో నాలుగడుగుల్లో నీళ్ళు. నీళ్ళ అంచున బురద రంగులో మొసలి కదలకుండా పడుకుని ఉంది.

"మీరు విన్నారా?" అని అడిగాను ఆయన్ని.

"విన్నాను," అన్నాడు. "అది గోగో గొంతు కాదు. చిన్నపిల్ల."

అప్పుడు తెలిసింది నాకు, మొదటి పిలుపుకే నాకూ ఆ సంగతి తెలుసునని. వయసు మీద పడ్డ గొంతు కాదది. తెలిసీ కాళ్ళు అటే పోయాయి.

వెనక్కి తిరిగి దారెక్కాం. మేం దారి వదిలిన చోటికి అవతలి పక్క, పెద్ద మేడి మొదట్లో, అమ్మమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో సాసరు. ఒక చేత్తో నోరు గట్టిగా మూసుకుని ఉంది. మేం రెల్లు వైపు వెళ్ళడం చూసింది. మా పిలుపులన్నీ విన్నది. కళ్ళు ధారలు కడుతున్నాయి.

అక్క ముందు తల్లిని వాటేసుకుంది, తర్వాత తిట్లు లంకించుకుంది. తెలుగు తిట్లు అయిపోయాక ఇంగ్లీషులోకి దిగింది. "మేం చచ్చేవాళ్ళం! ఎందుకు పలకలేదు?"

"పలకబోతుంటే ఆ పేరు పిలిసినారు. అది నన్ను గాదు గదే," అంది అమ్మమ్మ.

క్యాంపుకి చేరేసరికి ఆకాశంలో ఇంకా వెలుగుంది. వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చాం. కాపలాదారు వెళ్ళలేదు, మెట్ల మీద కూర్చున్నాడు. అమ్మమ్మ టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, మమ్మల్ని కాక సరస్సుని చూస్తూ చెప్పింది.

"మా అయ్య ఉమ్‌ఫొలోజి పక్క కేన్ ఎస్టేటులో పన్జేసీవోడు. దొరకి సేపలు కావాలంటే ఆదివారం మనోల్లని ఈ లేక్‌కి తెచ్చీవోడు, వల లాగడానికి. ఇక్కడ పడుకోడానికి మనకి పర్మిషన్ లేదు. పని సేసి ఎల్లిపోవాల. అమ్మ వంటకి వచ్చీది. మా అక్కకి ఆరేల్లు. పొద్దుకూకీ యేల అన్నం తినడానికి అమ్మ దాన్ని పిలిసింది. రెల్లులోంచి వత్తన్నా అంది. మల్లీ పిలిసింది. వత్తన్నా అంది. అంతే. రాలేదు. నాను అప్పుడు అమ్మ కడుపులో ఉన్నాను."

నీటి ఏనుగులు ఒక్కొక్కటే ఒడ్డెక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నాను పుట్టగానే మా అయ్య దాని పేరే నాకు ఎట్టాడు. పేరు ఇంట్లో ఉంటే పిల్ల ఇంట్లో ఉన్నట్టే అన్నాడు. అమ్మ ఆ పేరు నోట పలకలేదు. సచ్చిందాకా నన్ను పాపా అనే పిలిసింది. నీల్ల దగ్గర ఎవరేనా ఆ పేరు పిలిస్తే నువ్వు పలక్కు పాపా, అది నీది కాదు, ముందు అది పలకాల అని సెప్పింది. నాను ఎప్పుడూ పలకలేదు. దాని పేరుతో సదువుకున్నాను, పెల్లాడాను, మొన్న ఓటు కూడా ఏసినాను. అంతా దాని పేరు మీదే బతికినాను."

అక్క భయం నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత నోరు విడిచి అనేసింది కూడా. "అది అమ్మ పేరుకి పలికింది. ఇప్పుడు పేరు తనదే అంటుందా? అమ్మని తీసుకుపోతుందా?"

ధైర్యం చెప్పడం నా వంతనుకున్నాను. ఆ అడవుల్లో మనుషుల గొంతుల్ని అనుకరించే పక్షి ఒకటుంటుందని ఎక్కడో చదివాను. అది చెప్పాను. కాపలాదారు తలూపి, ఉంది, విన్నదాన్నే పలుకుతుంది అన్నాడు. నాకు కాస్త ఊపిరి వచ్చింది. అంతలో ఇంకో ఆలోచన వచ్చి అదీ పోయింది. విన్నదాన్నే పలికే పక్షికి తెలుగు ఎవరు నేర్పారు?

"తీసుకుపోదే," అంది అమ్మమ్మ. "దానికి ఇంటికి రావాలనుంది. అమ్మ పిలిసింది గదా. వత్తన్నా అంది గదా. దారి తెలీక తిరగతా ఉంది."

"అయితే డర్బన్ వెళ్ళాక పూజారిని పిలిచి తర్పణం ఇప్పిద్దాం," అన్నాను. నాకు తోచిన మార్గం అదొక్కటే.

అమ్మమ్మ నా వైపు తిరిగింది. కోపం కాదు గాని, కోపం లాంటిదే ఏదో ఉంది ఆ చూపులో. "మనోల్లు పిండం ఎట్టి, నీల్లొదిలీసి, ఇంక ఎల్లిపో అంటారు. ఎల్లిపో అనడానికి అది ఇంటికి ఎప్పుడొచ్చింది, టీచరమ్మా?"

నేను ఖాళీ కప్పులు ఏరి లోపల పెట్టి వచ్చాను.

ఆవిడ కాపలాదారుతో జులూలో ఏదో అడిగింది. ఎస్టేటులో జులూ పిల్లలతో కలిసి పెరిగిన మనిషి, ఆ భాష ఆవిడకి నీళ్ళు తాగినట్టు. ఆయన చాలాసేపు విని, నెమ్మదిగా బదులు చెప్పాడు. తర్వాత అమ్మమ్మ మాకు చెప్పింది. బయట ఎక్కడో పోయిన మనిషిని జులూవాళ్ళు ఇంటికి తెచ్చుకుంటారు. పోయిన చోటికి అయినవాళ్ళు వెళ్ళి, ఒక చెట్టు కొమ్మ పట్టుకుని, పేరు పెట్టి పిలిచి, రా ఇంటికి పోదాం అంటారు. కొమ్మ పట్టుకున్నవాళ్ళు దారిలో ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. తోవలో మలుపు వస్తే మలుపని, నది వస్తే నదని పోయినవాళ్ళకే చెబుతూ తీసుకురావాలి. అది మన ఆచారం కాదు కదా అని అక్క గొణిగింది. "అది పోయింది ఇక్కడి నేల మీదే గదా," అంది అమ్మమ్మ.

పొద్దున్నే సూర్యుడు ఇసుక దిబ్బల మీదికి రాగానే కాపలాదారు మమ్మల్ని ఒడ్డుకి తీసుకెళ్ళాడు. నీళ్ళకి బాగా ఎడంగా, రెల్లు కనిపించే చోట నిలబెట్టాడు. ఆ కొమ్మ కోయాల్సిన చెట్టు దారిలోనే ఉంది. ముళ్ళు, నిగనిగలాడే చిన్న ఆకులు. చూడగానే మన రేగు చెట్టు గుర్తొచ్చింది. దానికి చుట్టమే అట. అమ్మమ్మ తన చేత్తోనే కొమ్మ విరిచింది. వేళ్ళకి ముళ్ళు గుచ్చుకున్నా చూసుకోలేదు. సాసర్లో కొత్తగా కలిపిన పాలన్నం పెట్టి నేల మీద ఉంచింది.

అప్పుడు అరవై దాటిన ఆ మనిషి, తన జన్మలో మొదటిసారిగా, ఆ పేరు పిలిచింది. పిలిచి, "అక్కా," అంది. "అక్కా, నానే. రా, ఇంటికి పోదాం."

నేను ఊపిరి బిగబట్టి విన్నాను. పలకాలని ఉంది, పలక్కూడదని ఉంది. రెల్లు ఊగింది, గాలికే కావచ్చు. ఏ గొంతూ వినపడలేదు. అమ్మమ్మ మాత్రం తలూపి, కొమ్మ పట్టుకున్న చెయ్యి పక్కకి చాపి, ఆ చేతిని ఎవరో అందుకుంటున్నట్టు కాస్త కిందికి దించి, వెనక్కి నడిచింది. దారంతా ఆ చెయ్యి అలా కిందికే ఉంది. ఆవిడ అడుగులు కూడా చిన్నవయ్యాయి.

కారులో వెనక సీటు తలుపు తీసి ముందు కొమ్మని లోపల పెట్టి, తర్వాత తను రెండో పక్క నుంచి ఎక్కింది. అక్క వెనక కూర్చోనంది. ముందు నా పక్కన కూర్చుంది. గేటు దగ్గర ఇంకో కాపలావాడు కారులోకి వంగి మనుషుల్ని లెక్కపెట్టబోయాడు. వెనక సీట్లో కొమ్మ చూశాడు. టోపీ తీశాడు. అమ్మమ్మకి దణ్ణం పెట్టి, ఆవిడ పక్కన ఖాళీ చోటు కేసి కూడా తల వంచి, గేటు ఎత్తాడు.

ఇంటిదాకా నేను అద్దంలోకి చూడలేదు. డ్రైవింగు నేర్పినవాళ్ళు వింటే తిడతారు గాని, చూడలేదు. వెనక నుంచి అమ్మమ్మ గొంతు వస్తూనే ఉంది. "అక్కా, ఇది ఉమ్‌ఫొలోజి. బ్రిడ్జి దాటతన్నాం, బయపడకు. ఇదిగో కేన్, నీకు తెల్సు గదా. ఇది టుగేలా. ఇవి కొత్త రోడ్లు, నువ్వు సూల్లేదు, నానూ సిన్నప్పుడు సూల్లేదు." అరవై దాటిన మనిషి ఆరేళ్ళ పిల్లని అక్కా అక్కా అంటుంటే నాకు భయంతో పాటు జాలీ వేసింది. పక్కన అక్క శబ్దం రాకుండా ఏడుస్తోంది. డర్బన్ దాటాక అమ్మమ్మ గొంతు తగ్గింది. "అక్కా, ఒకటి సెప్పాల. అమ్మ ఇంట్లో లేదు. నీకోసం సూసి సూసి పోయింది. నానున్నాను. నీ పేరు నాకే ఎట్టారు. కోపం ఎట్టుకోకు."

మొబేని గోదాములు దాటాం. తర్వాత, ఎవరో ఏదో అన్నాక బదులు చెప్పినట్టు, "ఊఁ," అంది అమ్మమ్మ. "సరే."

ఇసిపింగోలో వాళ్ళింటి ముందు కారాపాను. నేను దిగి తలుపు తీయబోతే అమ్మమ్మ చేత్తో వారించింది. తను దిగి, కారు చుట్టూ తిరిగి వచ్చి, రెండో వైపు తలుపు తెరిచి పట్టుకుంది. చిన్నపిల్ల సీటు మీంచి జారి, కాళ్ళు నేలకి ఆనించి, దిగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ పట్టుకుని నిలబడింది. తర్వాత తలుపు వేసి, చెయ్యి కిందికి చాపి, గేటు వైపు నడిచింది. దారికి అడ్డంగా ఉన్న అక్కా నేనూ చెరో పక్కకీ తప్పుకున్నాం.